జీవిత భాగస్వామి ఫోన్‌లో నిఘా సాఫ్ట్‌వేర్: చట్టం దృష్టిలో సమ్మతి

భార్య లేదా భర్త సెల్‌ఫోన్‌లో వారికి తెలియకుండా నిఘా సాఫ్ట్‌వేర్ అమర్చడానికి వివాహబంధం అనుమతిపత్రం కాజాలదు. భార్య ఫోన్ సంభాషణలను భర్త రహస్యంగా రికార్డు చేయడం చట్టవిరుద్ధమని, ఆమె గోప్యతా హక్కుకు భంగకరమని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2007లోనే స్పష్టం చేసింది.

దంపతుల మధ్య రహస్యంగా రికార్డయిన సంభాషణలను వైవాహిక వ్యాజ్యాలలో సాక్ష్యంగా స్వీకరించవచ్చునని 2025 జులై 14న సుప్రీంకోర్టు తీర్పునిచ్చిన మాట వాస్తవమే. అయితే దానిని నిఘాకు లైసెన్సుగా వార్తలలో పేర్కొనడం సరికాదు.

అనుమతి లేకుండా ఫోన్‌లోని సమాచారాన్ని సంగ్రహిస్తే సమాచార సాంకేతిక చట్టం-2000, 43వ సెక్షన్ ప్రకారం పరిహారం చెల్లించవలసి ఉంటుంది. దురుద్దేశం రుజువైనచో 66వ సెక్షన్ క్రింద 3 సంవత్సరాల వరకు జైలుశిక్ష, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. దర్యాప్తు అధికారి ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గరాదు.