గ్రామకంఠం ఇంటికి బ్యాంకు అప్పు పుట్టేదెలా?

తాతల నాటి నుంచి కాపురం వుంటున్న ఇంటిని చూపి బ్యాంకులో అప్పు అడిగితే "దస్తావేజు ఏదీ?" అన్న ప్రశ్న ఎదురవుతుంది. గ్రామకంఠంలోని అనేక ఇళ్లకు ఆ కాగితం లేదు. వెనుకటి సర్వేలో గ్రామకంఠాన్ని ఒకే ముక్కగా కొలిచి వదిలారు. అందులో ఏ ఇల్లు ఎవరిదన్నది రికార్డులకు ఎక్కలేదు.

ఈ లోటు తీర్చేందుకే కేంద్రప్రభుత్వం 2020 ఏప్రిల్ 24న 'స్వామిత్వ' పథకాన్ని ప్రారంభించింది. ముందుగా ఇళ్ల హద్దుల వెంట సున్నంతో గీతలు గీస్తారు. డ్రోను పైనుంచి ఫోటోలు తీస్తుంది. వాటితో పటం తయారుచేసి, అభ్యంతరాలు విచారించి, యజమానికి ఆస్తి కార్డు ఇస్తారు. గీతలు గీసేనాడు యజమాని దగ్గర లేకపోతే తగాదాకు తావిచ్చినట్లే.

సాయం వేరు, అప్పు వేరు

2016లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన (గ్రామీణ్) నిబంధనల్లో మైదాన ప్రాంతపు ఇంటికి పెట్టిన 1.20 లక్షల రూపాయలు సాయం. తిరిగి కట్టనక్కరలేదు. కోరినవారికి ఇప్పించవచ్చునన్న 70 వేల రూపాయల వరకు బ్యాంకు రుణం మాత్రం తీర్చవలసిన అప్పే.

అయినా లెక్క చూసుకోవాలి. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి 70 వేలు తెస్తే, ఏడాదికి వడ్డీయే 16,800 రూపాయలు. బ్యాంకు పది శాతానికి ఇస్తే 7,000. పునాదుల వద్ద ఆగిన ఇంటికి ఆ తేడా చిన్నది కాదు.

కార్డు ఒక్కటే చాలదు. ఆదాయం, పాత బకాయిలు కూడా బ్యాంకు చూస్తుంది. కార్డు చేతికందిన రోజే పేరు, కొలతలు సరిచూసుకోవడం మేలు.