ఒడ్డున నిలిచిన పడవలు

చిత్రాన్ని చూచినప్పుడు మనలో పెక్కుమంది మొదట అడిగేది “అచ్చం అలాగే ఉన్నదా?” అని. కాని ఉన్నది ఉన్నట్లు చూపే పనిని కెమెరా చేపట్టిన పిమ్మట చిత్రకారునికి మిగిలిన పని ఏమిటి? విన్సెంట్ వాన్ గో 1888 జూన్‌లో రచించిన ‘సేంత్ మారీ తీరాన చేపల పడవలు’ అనే తైలవర్ణ చిత్రం ఈ ప్రశ్నకు చక్కని సమాధానం.

డచ్చి దేశీయుడైన వాన్ గో 1888 ఫిబ్రవరిలో పారిస్ విడిచి దక్షిణ ఫ్రాన్సులోని ఆర్ల్ పట్టణం చేరాడు. వేసవి ఆరంభంలో మధ్యధరా సముద్రపు ఒడ్డున గల సేంత్ మారీ అనే బెస్తల గ్రామంలో కొద్ది దినాలు గడిపాడు. అక్కడ తీరాననే కూర్చుండి సముద్రాన్ని చిత్రించాడు. గాలికి ఎగిరివచ్చిన ఇసుక రేణువులు ఆ చిత్రపు రంగులలో నేటికీ ఉన్నవి. కాని పడవల చిత్రం అక్కడ రచించినది కాదు. పడవలు వేకువనే వేటకు బయలుదేరేవి. అందువలన అతడు వాని రూపురేఖలను మాత్రం కలంతో గీసి, ఏ భాగానికి ఏ రంగో దానిపైననే వ్రాసికొని, ఆర్ల్‌కు తిరిగివచ్చి వర్ణచిత్రం పూర్తిచేశాడు.

ఈ చిన్న విషయంలోనే ఒక యుగభేదం ఇమిడియున్నది. ఇంప్రెషనిస్టులు క్షణక్షణం మారే వెలుగును కంటికి తోచినట్లు పట్టుకొనుటకు యత్నించారు. వారి తరువాత వచ్చిన సెజాన్, గోగాఁ, సెరా, వాన్ గో మొదలగువారు కన్ను తెచ్చినదానిని మనస్సుతో కూర్చి, దానికొక స్థిరరూపం ఇచ్చారు. వీరికి ‘పోస్ట్ ఇంప్రెషనిస్టులు’ అనే పేరు 1910లో లండన్ ప్రదర్శన సందర్భంలో రోజర్ ఫ్రై పెట్టినది.

ఇక చిత్రాన్ని తిలకించండి. ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగుల పడవలు ఇసుకపై ప్రక్కప్రక్కన నిలిచియున్నవి. ప్రతి పడవకు స్పష్టమైన అంచురేఖ, దాని లోపల చదునుగా పరచిన రంగు కనిపిస్తాయి. ఇది వాన్ గో ఎంతో ప్రేమించిన జపాను కొయ్య అచ్చు చిత్రాల ప్రభావం. ఎరుపు ప్రక్కన పచ్చ చేరగా రెండూ మరింత మెరుస్తున్నవి. ఏటవాలుగా లేచిన స్తంభాలు ఒకదానినొకటి దాటుతూ మన చూపును ఆకాశంలోనికి తీసికొనిపోతున్నవి. దూరాన తెరచాపలెత్తిన పడవలు సముద్రంలోనికి సాగుతున్నవి. ఒక పడవపై ‘అమిత్యే’ అని వ్రాసియున్నది. ఫ్రెంచి భాషలో దానికి ‘స్నేహం’ అని అర్థం.

ఇందులో మనుష్యుడొక్కడూ లేడు. అయినను బెస్తవాని శ్రమ, సముద్రానికి వెళ్లవలసిన తొందర మనకు తెలియుచునే ఉన్నవి. వాన్ గో 1890లో తన 37వ ఏట మరణించాడు. నేడు ఈ చిత్రం ఆమ్‌స్టర్‌డామ్‌లో అతని పేరిట వెలసిన మ్యూజియంలో ఉన్నది. నాడు తెల్లవారగానే వెళ్లిపోయే పడవలు ఇక్కడ కదలక నిలిచియున్నవి. కనుక “అలాగే ఉన్నదా?” అని కాక, “దేనిని నిలుపదలచాడు?” అని అడుగుట అలవరచుకొన్నచో, ఏ చిత్రమైనను మనతో మాట్లాడగలదు.