కాళహస్తిలో కలం పట్టిన యిల్లాళ్లు

తిరుపతిలో బస్సెక్కితే శ్రీకాళహస్తి యెంతో దూరం కాదు. దిగినవారిలో చాలామంది తిన్నగా రాహుకేతు పూజకు వెళతారు. పూజ కాగానే తిరుగు బస్సు పట్టుకుంటారు. ఆ గుడికి కాస్త యెడంగా, యిళ్లలో నేలమీద గుడ్డ పరుచుకుని రామాయణం రాస్తున్నవారు వున్నారన్న సంగతి వారిలో యెందరికి తెలుసు? ‘రాస్తున్నవారు’ అని పొరపాటున అనలేదు. యీ కళకు తెలుగువాళ్లు పెట్టుకున్న పేరు వ్రాతపని. కలంకారీ అన్నది పైనుంచి వచ్చిన మాట.

కలమంటే యేదో ఘనమైన పరికరం కాదు. సన్నగా చెక్కిన వెదురుపుల్ల. దాని నడుమ రంగు పీల్చుకునేందుకు చుట్టిన గుడ్డ, పైన దారం. అంతే! గుడ్డ సంగతి మాత్రం వేరు. ముందుగా దానిని కరక్కాయ కలిపిన పాలలో తడిపి ఆరవేస్తారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కలకు పాకదు. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో బొమ్మ గీస్తారు. తుప్పుపట్టిన యినుము, బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టిన ద్రవం నల్లరంగు. అది గుడ్డమీది కరక్కాయ వగరును తాకగానే నల్లబడుతుంది. యెరుపు రావలసిన చోట పటిక నీళ్లు పూసి, గుడ్డను రంగువేళ్లతో ఉడకబెడతారు. మధ్య మధ్య పారే నీళ్లలో జాడించాలి. అందుకే యీ పని స్వర్ణముఖి ఒడ్డున స్థిరపడింది. నది యెండితే రంగు కూడా అలుగుతుంది.

గుళ్లలో తెరలుగా కట్టే యీ గుడ్డలకు ఆదరణ తగ్గి, ఒక దశలో రాసేవారే కరువయ్యారు. 1952లో అఖిల భారత హస్తకళల బోర్డు యేర్పడింది. దానికి అధ్యక్షురాలైన కమలాదేవి చటోపాధ్యాయ చూపు కాళహస్తిమీద పడింది. ఆ దశకం చివరికి ఊళ్లో ఒక శిక్షణ కేంద్రం వెలిసింది. తండ్రి లక్ష్మయ్యగారి దగ్గర యీ విద్య నేర్చిన జొన్నలగడ్డ గుర్రప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. కేంద్రం చేసిన అసలు మేలు, నా దృష్టిలో, బిరుదులు కావు. కొద్ది కుటుంబాల గుట్టుగా వున్న విద్యను నేర్చుకునే ఓపిక వున్న వారందరి ముందూ పెట్టడం!

ఆ తరువాతి అడుగు ఆడవాళ్లది. బెంగుళూరు మురికివాడల్లో పనిచేసిన అనితా రెడ్డిగారు కాళహస్తిలో ‘ద్వారక’ అనే సంస్థను నడిపించి, ఊరి మహిళల చేతికి కలం అందించారు. 2011లో ఆమెకూ పద్మశ్రీ లభించింది.

యిటువంటి సంస్థలో బొమ్మలు నేర్పే గురువు ఒకరైతే, గడప గడపకూ తిరిగి మనుషులను కూడగట్టే వ్యక్తి మరొకరు. విదేశాల్లో మ్యూజియములు, నాటకశాలలు కూడా యిందుకోసం జీతమిచ్చి మనుషులను పెట్టుకుంటాయి. మన చిత్తూరు పల్లెల్లో ధర్మరాజుల గుడి ముందు భారతం జరిగినప్పుడు ఆ ఉద్యోగం యెవరికీ అక్కరలేదు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, చందాలు ఊరివే, అర్జునుడు తపసుమాను యెక్కేటప్పుడు కిందనుంచి గోవింద కొట్టేదీ ఊరే. కలంకారీకి అటువంటి ఊరంతా తోడు లేదు. దానిని కూడగట్టాలి.

అదేమీ సులువు కాదు సుమండీ! కళ గొప్పతనం గురించి ఉపన్యాసమిస్తే గడప దాటనివ్వరు. “మా కోడలు పొద్దస్తమానం అక్కడ కూచుంటే పొయ్యి యెవరు ముట్టిస్తారమ్మా?” అని అత్తగారు అడిగిందనుకోండి, దానికి జవాబు ముందే సిద్ధం చేసుకోవాలి. పని యింటికే యిస్తారా? డబ్బు నెలాఖరుకా, గుడ్డ అమ్ముడుపోయాకా? అమ్ముడు పోకపోతే? పిల్ల కలం పట్టడం నేర్చే లోపల రోజుకూలీ పోతుందే, దాని మాటేమిటి? యీ ప్రశ్నల్లో ఒక్కటీ కళకు సంబంధించింది కాదు. అయినా వీటిమీదే కళ నిలుస్తుంది. చెప్పిన తేదీకి చెప్పిన డబ్బు యిచ్చిన మనిషికి ఆ తరువాత పక్కయింటి తలుపూ తెరుచుకుంటుంది.

మరొక చిక్కున్నది. ముఖ్య కళాకారుడు గీత గీస్తే, లోపలి రంగులు నింపేది తరచు ఆడవాళ్లే. గుడ్డ మూలన సంతకం మాత్రం గీసినవారిది. నెలల తరబడి కళ్లు నలుపుకున్న ఆవిడ పేరెక్కడ? రంగు నింపేవారికి గీత గీయడం కూడా నేర్పి, వారి పేరు వారు రాసుకునే దాకా సంస్థ పని సగమే అయినట్టని నాకనిపిస్తుంది.

యిక మన సంగతి. పండక్కి చీర కొనబోతే కొట్టువాడు ‘కలంకారీ’ అని గుట్టలు పోస్తాడు. అందులో యంత్రం మీద అచ్చువేసినవే యెక్కువ. అచ్చు చీర కొనడం నేరం కాదు, అది చవక. చేతిపని ధర పెట్టి కొనడమే నష్టం. గుడ్డను తిరగవేసి చూడండి. ఒకేలాటి రెండు ఆకుల్ని పక్కపక్కన పెట్టి చూడండి. చేత్తో రాసినవైతే రెండిటికీ పోలిక వుంటుందే గాని అచ్చు గుద్దినట్టుండవు. తరువాత ముక్కు దగ్గర పెట్టుకోండి. కొత్త గుడ్డైతే పాలవాసన, కరక్కాయ వగరు యింకా పోయివుండవు. పెదవి విరవకండి, రెండు ఉతుకులకు తగ్గుతుంది.