మీకు తెలుసా? కనపడని డిస్కు, పోయిన డిస్కు ఒకటి కావు

బంగారు అంగళ్లకు పేరుమోసిన ప్రొద్దుటూరులో సీసీ కెమెరాల రికార్డింగు దాచే కంప్యూటర్లకు కొదవ లేదు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు సిమెంటు, నాపరాయి వ్యాపారుల లెక్కలు, పులివెందుల జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ పిల్లల ప్రాజెక్టులు, ఊరూరా స్కానింగ్ సెంటర్ల బొమ్మలు... అన్నీ డిస్కుల మీదే. డేటా విలువైనదైన చోట రెండు మూడు డిస్కులను కలిపి ఒకే డిస్కులా వాడతారు. దాని పేరే రెయిడ్. అలాంటి మిషన్‌లో విండోస్ మళ్లీ ఎక్కిద్దామని కూర్చుంటే తెర మీద 'డ్రైవులేవీ దొరకలేదు' అని వస్తుంది. పక్కనున్నవాళ్ల నోట వెంటనే వచ్చే మాట 'హార్డ్ డిస్కు పోయింది' అని. చాలాసార్లు డిస్కు నిక్షేపంగా ఉంటుంది, లేనిది దానితో మాట్లాడించే డ్రైవర్ అనే ప్రోగ్రాము ఒక్కటే. ఆ తేడా తెలియక కొత్త డిస్కులు కొన్నవాళ్లున్నారు, ఉన్న డేటాను చేతులారా చెరుపుకున్నవాళ్లూ ఉన్నారు. రెండో రకం వాళ్లను చూసినప్పుడు మనసు చివుక్కుమంటుంది. అందుకే ఈ సంగతులు.

◆ రెయిడ్ అనే పేరు 1988లో లోకానికి తెలిసింది. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ అనే ముగ్గురు ఆ ఏడాది ఒక పరిశోధన పత్రం వెలువరించారు. పెద్ద కంపెనీలు వాడే ఐబీఎం 3380 డిస్కు 7,500 మెగాబైట్లు పట్టేది, ధర భారీగా ఉండేది. పర్సనల్ కంప్యూటర్లలో వాడే చిన్న డిస్కు పట్టేది 100 మెగాబైట్లే అయినా చవక. చిన్నవాటినే గుంపుగా కట్టి పెద్దదాని పని చేయిస్తే పోలేదా అన్నది వాళ్ల ఆలోచన. అయితే వాళ్లే ఒక లెక్క వేసి చూపించారు. ఒక్కో డిస్కు సగటున 30,000 గంటలు పనిచేస్తుందనుకుంటే, వంద డిస్కుల గుంపులో సగటున 300 గంటలకే ఏదో ఒకటి పోతుంది. అంటే రెండు వారాలు కూడా కాదు! కాబట్టి ఒకటి పోయినా మిగిలినవాటి నుంచి ఆ డేటాను తిరిగి కట్టుకునే ఏర్పాటు ఉండి తీరాలన్నారు. నిజానికి పోయిన నిల్వలోని డేటాను తిరిగి రాబట్టే పద్ధతికి ఐబీఎంకు చెందిన నార్మన్ ఔచీ పేరిట 1978లోనే పేటెంటు వచ్చింది. పేరు పెట్టి, అంచెలు విడదీసి, అందరికీ అర్థమయ్యేలా చెప్పిన ఘనత మాత్రం బర్క్‌లీ వాళ్లదే.

◆ బయోస్‌లో కనపడే రెయిడ్ విండోస్‌లో ఎందుకు కనపడదు? మదర్‌బోర్డుకు, రెయిడ్ కార్డుకు తమ సొంత చిన్న ప్రోగ్రాము ఉంటుంది (మదర్‌బోర్డుదే బయోస్). కంప్యూటర్ ఆన్ చేయగానే డిస్కులను చూపించేది, బూట్ మొదలుపెట్టేది అదే. కొన్ని సెకన్ల తర్వాత విండోస్ కెర్నల్ పగ్గాలు చేతిలోకి తీసుకుంటుంది. అక్కడి నుంచి కంట్రోలర్‌తో మాట్లాడటానికి దానికి సొంత డ్రైవర్ కావాలి. అది లేకపోతే, తాను ఏ డిస్కు మీద నుంచి లేచిందో ఆ డిస్కే దానికి కనపడదు. లోగో వచ్చి, చుక్కలు తిరిగి, 0x7బీ అనే కోడ్‌తో నీలం తెర పడటానికి పెద్ద కారణాల్లో ఇదొకటి. బూట్ అవ్వాల్సిన డిస్కు అందడం లేదని ఆ కోడ్‌కు అర్థం. డిస్కు చెడిపోయిందని అది ఎక్కడా అనదు.

◆ డ్రైవర్ చేసే పనికి మన ఎర్రగుంట్ల మండలంలోనే ఒక పోలిక ఉంది. కలమళ్ల చెన్నకేశవాలయం ఆవరణలో రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనం దొరికింది. సుమారు క్రీ.శ. 575 నాటిదైన దీన్ని మొదటి తెలుగు శాసనంగా పండితులు లెక్కిస్తారు. రాతి మీద అక్షరాలు పద్నాలుగు వందల ఏళ్లకు పైగా నిలిచాయి. కానీ మీరూ నేనూ చూస్తే గీతలే కనపడతాయి. ఆనాటి లిపి తెలిసినవారు పక్కన ఉంటేనే అది మాటవుతుంది. చదవలేకపోయినంత మాత్రాన రాయి ఖాళీ అని ఎవరూ దాన్ని చెక్కేయరు కదా. డిస్కు విషయంలో మాత్రం ఆ పని రోజూ జరుగుతోంది.

◆ 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీని రెయిడ్ మీద ఎక్కించాలంటే, నీలం తెర అడుగున కొద్ది సెకన్లు మాత్రమే కనపడే వరుసను చూసి ఎఫ్6 మీట నొక్కాల్సి వచ్చేది. తర్వాత డ్రైవర్ ఉన్న ఫ్లాపీ పెట్టాల్సి వచ్చేది. సీడీలో ఉన్నా వద్దనేది, ఫ్లాపీయే అడిగేది. ఫ్లాపీలు అంగళ్లలో కనుమరుగైపోయాక కూడా సర్వీసు చేసేవాళ్ల సంచుల్లో ఫ్లాపీ డ్రైవ్ మిగిలిపోవడానికి ఇదే కారణం. విండోస్ విస్టాతో ఆ బాధ తీరింది, పెన్‌డ్రైవ్ చాలు. కానీ పేరు పోలేదు. ఇంటెల్ డ్రైవర్లలో ఎఫ్6 అనే పేరుతో ఫోల్డర్ ఈ మధ్య కాలం దాకా వస్తూనే ఉంది.

◆ మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఒకే ఒక్క ఎస్ఎస్‌డీ, రెయిడ్ ఊసే లేదు. అయినా ఈ సమస్య మీకూ రావచ్చని తెలుసా? 2020 చివర్లో వచ్చిన ఇంటెల్ 11వ తరం ల్యాప్‌టాప్‌లతో ఇది ఇంటింటికీ చేరింది. వాటిలో చాలావరకు వీఎండీ అనే ఏర్పాటు కంపెనీ నుంచే ఆన్ చేసి వస్తుంది. ఎస్ఎస్‌డీ నేరుగా కాకుండా దాని వెనక ఉంటుంది. విండోస్ 10 ఇన్‌స్టాలర్‌లో ఆ డ్రైవర్ లేదు కాబట్టి కొత్త ల్యాప్‌టాప్‌లో కూడా ఖాళీ జాబితా కనపడుతుంది. 'కొన్న వారానికే ఎస్ఎస్‌డీ పోయింది' అని షాపు మీదికి వెళ్లే ముందు, ఆ ల్యాప్‌టాప్ మోడల్ పేరుతో కంపెనీ సైటులో ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దింపుకోండి. పెన్‌డ్రైవ్‌లో వేసి, 'లోడ్ డ్రైవర్' నొక్కి, ఆ ఫోల్డర్ చూపించండి. జాబితా అప్పుడూ ఖాళీగానే ఉంటే ఆ డ్రైవర్ వేరే తరం ప్రాసెసర్‌ది అయ్యుంటుంది.

విండోస్ పక్కన ఉబుంటు వేసుకోవాలనుకునే విద్యార్థులకు, ముఖ్యంగా పులివెందుల, ఇడుపులపాయ క్యాంపస్‌ల పిల్లలకు ఇంకో మాట. ఉబుంటు ఇన్‌స్టాలర్ 'ఆర్ఎస్‌టీ (ర్యాపిడ్ స్టోరేజ్) ఆపేయండి' అని అడగవచ్చు. బయోస్‌లోకి వెళ్లి, డిస్కును నేరుగా చూపే ఏహెచ్‌సీఐ పద్ధతికి మార్చేశారంటే ఉబుంటు ఎక్కుతుంది గానీ, పాత విండోస్ నీలం తెర వేసి కూర్చుంటుంది. అలా కాకుండా మార్చడానికి ఒక వరుస ఉంది. ముందు డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ, ఆ 48 అంకెలూ, కాగితం మీద రాసుకోండి. బయోస్ మార్పు చూసి విండోస్ దాన్ని అడగవచ్చు. తర్వాత ఎంఎస్‌కాన్ఫిగ్‌లో బూట్ ట్యాబ్ తెరిచి సేఫ్ బూట్‌కు టిక్ పెట్టండి. రీస్టార్ట్ చేసి నేరుగా బయోస్‌లోకి వెళ్లి ఏహెచ్‌సీఐకి మార్చండి. విండోస్ సేఫ్ మోడ్‌లో తెరుచుకుంటూ కొత్త డ్రైవర్‌ను తానే పట్టుకుంటుంది. అప్పుడు టిక్ తీసేయండి. ఒకే డిస్కు ఉన్నవాళ్లకు మాత్రమే ఇది. రెండు డిస్కులు నిజంగానే రెయిడ్‌లో కట్టి ఉంటే ఆ సెట్టింగు జోలికి పోవద్దు.

◆ డ్రైవర్ ఫోల్డర్ తెరిస్తే మూడు రకాల ఫైళ్లు ముఖ్యం. ఐఎన్‌ఎఫ్ ఫైలు 'ఈ డ్రైవర్ ఫలానా కంట్రోలర్‌కు' అని చెప్పే చీటీ. ఎస్‌వైఎస్ ఫైలు అసలు డ్రైవర్. క్యాట్ ఫైలులో సంతకం ఉంటుంది. 64 బిట్ విండోస్ సంతకం లేని డ్రైవర్‌ను రానివ్వదు. 'ఒక్క ఫైలే కదా కావాల్సింది' అని ఎస్‌వైఎస్ ఒక్కదాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుపోతే పని జరగదు. దింపుకున్న ఈఎక్స్‌ఈ ఫైలును అలాగే వేసినా ఇన్‌స్టాలర్ చూడదు, విడదీసి ఫోల్డర్‌గా పెట్టాలి.

◆ విండోస్ 7 ఎక్కించేటప్పుడు డ్రైవర్ కావాలని అడిగితే అది డిస్కు డ్రైవరే కానక్కర్లేదు. పెన్‌డ్రైవ్‌ను నీలం రంగు యూఎస్‌బీ 3.0 పోర్టులో పెట్టడమే కారణం కావచ్చు. ఆ పోర్టుకు డ్రైవర్ విండోస్ 7లో లేదు. నల్ల పోర్టులోకి మార్చి చూడండి.

◆ మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ల లాంటి మూడు వోల్టుల బ్యాటరీ రెయిడ్ మొత్తాన్ని మాయం చేయగలదు. సీఆర్2032 అంటే అంగడిలో ఇచ్చేస్తారు. ఈ బ్యాటరీ అయిపోయి, ఏ ఎండాకాలం మధ్యాహ్నమో కరెంటు పోయి వచ్చిందంటే, చాలా బోర్డుల్లో బయోస్ తన సెట్టింగులన్నీ మరిచిపోయి మొదటికొస్తుంది. రెయిడ్ అని ఉన్నచోట ఏహెచ్‌సీఐ వచ్చి కూర్చుంటుంది. నిన్నటిదాకా నడిచిన సర్వరు ఈ పొద్దు లేవదు. ఎవరూ ఏమీ మార్చలేదని అందరూ అంటారు, నిజంగానే ఎవరూ మార్చలేదు. దీన్ని గుర్తుపట్టడం తేలిక. బయోస్‌లో తేదీ చూడండి, ఎన్నో ఏళ్ల వెనక్కి పోయి ఉంటే దొంగ దొరికినట్టే. బ్యాటరీ మార్చి, సెట్టింగు తిరిగి రెయిడ్‌కు పెడితే సర్వరు మామూలుగా లేస్తుంది.

ఇందులో ప్రమాదకరమైన మలుపు ఒకటుంది. రెండు డిస్కుల్లో ఒకే డేటా ఉండే రెయిడ్ 1లో, ఏహెచ్‌సీఐకి మారినా విండోస్ ఒక్కోసారి ఒక డిస్కు మీద నుంచి మామూలుగానే లేచేస్తుంది. బాగానే ఉందనుకుని పది రోజులు బిల్లులు కొడతారు. ఆ పది రోజుల లెక్కలు ఒక డిస్కు మీదే పడతాయి. తర్వాత ఎవరో వచ్చి సెట్టింగు సరిచేసి, పాత డేటా ఉన్న డిస్కు నుంచి తాజా డేటా ఉన్నదానికి కాపీ నడిపించారంటే ఆ పది రోజులూ గల్లంతు. కాబట్టి కలిపే ముందు ఏ డిస్కులో తాజా డేటా ఉందో చూసి, దాన్ని వేరే చోటికి కాపీ చేసుకోవాలి. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవగానే 'ఇనీషియలైజ్ చేయమంటారా' అని అడిగితే క్యాన్సిల్ కొట్టండి. మంచి చేసే ప్రశ్నలా కనపడుతుంది గానీ, అక్కడ ఓకే నొక్కడమే నష్టానికి మొదటి మెట్టు.

◆ సర్వరులో రెయిడ్ కార్డు కాలిపోతే డేటా పోయినట్టేనా? కాదు. ఏ డిస్కు ఎన్నో వరుసలో ఉంది, ఏ రకం రెయిడ్ అన్న వివరాలను చాలా కార్డులు డిస్కుల మీద కూడా రాసి ఉంచుతాయి. అదే కుటుంబం కార్డు మరొకటి పెడితే 'ఫారిన్ కాన్ఫిగరేషన్' అని చెబుతుంది. 'ఇంపోర్ట్', 'క్లియర్' అని రెండు దారులుంటాయి. ఇంపోర్ట్ చేస్తే రెయిడ్ తిరిగి వస్తుంది. క్లియర్ నొక్కితే ఆ వివరాలు చెరిగిపోతాయి. 'ఫారిన్' అన్నారు కాబట్టి వద్దనుకుని క్లియర్ చేసేవాళ్లున్నారు, దయచేసి ఆ తొందర వద్దు.

◆ లైనక్స్‌లో ఎండీ0 అని పెట్టుకున్న రెయిడ్ ఒక పొద్దున ఎండీ127గా మారిపోతే కంగారు పడకండి. సెట్టింగ్స్ ఫైలులో పేరు కనపడని రెయిడ్‌కు లైనక్స్ 127 నుంచి కిందికి అంకెలు ఇస్తూ పోతుంది. డేటా అంతా అక్కడే ఉంటుంది. పేరును ఎండీఏడీఎం సెట్టింగ్స్‌లో రాసి, బూట్ సమయంలో వాడే ఇనిట్‌ర్యామ్ఎఫ్ఎస్‌ను మళ్లీ తయారు చేస్తే పాత పేరు వస్తుంది. లైనక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్‌లో నాకు బాగా నచ్చేది ఇంకొకటి. మిషన్ మొత్తం కాలిపోయినా, డిస్కులు తీసి వేరే ఏ లైనక్స్ మిషన్‌లో పెట్టినా చదువుతుంది, ప్రత్యేకమైన కార్డు అక్కర్లేదు. చిన్న ఊళ్ల చిన్న వ్యాపారాలకు నేను దీన్నే సిఫారసు చేస్తాను.

◆ కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఎక్కువ డ్రైవర్లు ఉంటాయనుకుంటాం. తీసేయడమూ ఉంది. 2019లో వచ్చిన రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 8లో ఎల్ఎస్ఐ సాస్2008 వంటి పాత చిప్‌లకు మద్దతు తొలగించారు. రెడ్‌హ్యాట్ 7లో హాయిగా నడిచిన సర్వరు 8 ఎక్కించబోతే డిస్కులు లేవంటుంది. ఈఎల్‌రెపో అనే స్వచ్ఛంద బృందం ఇలాంటి కార్డుల కోసం డ్రైవర్లు తయారు చేసి ఉచితంగా ఇస్తోంది.

◆ నాలుగు టెరాబైట్ల డిస్కులు మూడింటితో రెయిడ్ 5 కడితే, ఒక డిస్కంత చోటు రక్షణకు పోగా ఎనిమిది రావాలి. రెండే కనపడుతోందా? పాత ఎంబీఆర్ పద్ధతిలో డిస్కు పట్టికలో సెక్టారు అంకెకు 32 బిట్లే ఉంటాయి. 512 బైట్ల సెక్టార్లు 429 కోట్ల చిల్లర దాటి లెక్కపెట్టలేదు. అంటే 2.2 లక్షల కోట్ల బైట్ల దగ్గర ఆగిపోతుంది. జీపీటీ పద్ధతి కావాలి. డ్రైవర్ తప్పు ఇందులో లేదు.

◆ ఇంట్లో వాడే మామూలు డిస్కు రెయిడ్‌లోంచి ఉన్నట్టుండి తప్పుకుంటుంది, తీసి పరీక్షిస్తే బాగానే ఉంటుంది. చెడిన సెక్టారును చదవడానికి అది మొండిగా ప్రయత్నిస్తూ కూర్చోవడం వల్ల, కార్డు దాన్ని పోయినదిగా లెక్కగడుతుంది. రెయిడ్ కోసం చేసిన డిస్కులు ఏడు సెకన్లకు అటూఇటుగా ఆ ప్రయత్నం మానుకుని 'ఇది రాలేదు' అని చెప్పేస్తాయి. మిగతా డిస్కుల నుంచి కార్డు ఆ ముక్కను కట్టుకుంటుంది. సీసీ కెమెరాల సర్వరు పెట్టించుకునే అంగడి యజమానులు కొటేషన్‌లో డిస్కు సైజుతో పాటు ఏ రకం డిస్కో కూడా అడగాలి.

◆ రెయిడ్ బ్యాకప్ కాదు. పొరపాటున తుడిచేసిన ఫైలు రెండు డిస్కుల్లోనూ ఒకే క్షణంలో పోతుంది. వైరస్ తాళం వేసినా రెండింటికీ పడుతుంది.

ఈ ఆదివారం తీరిక చేసుకుని ఒక కాగితం మీద మీ మదర్‌బోర్డు మోడల్, సాటా సెట్టింగు రెయిడా ఏహెచ్‌సీఐనా, రెయిడ్ కార్డు పేరు, ఏ వైరులో ఏ డిస్కు ఉందో రాసి క్యాబినెట్ లోపలి తలుపుకు అంటించండి. డ్రైవర్ ఉన్న పెన్‌డ్రైవ్‌ను ఒక కవరులో వేసి దాని పక్కనే పెట్టండి. లెక్కల కాపీ ఒకటి వేరే డిస్కులోకి ఎక్కించి, అంగడిలో కాకుండా ఇంట్లో దాచండి.