ఒర కుదిరితేనే రివాల్వరు భద్రం

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఒక రివాల్వరుకు కుట్టిన ఒరలో మరో రివాల్వరు కూడా ఇమడదు. ఇమిడినట్లు కనిపిస్తే అది మరీ ప్రమాదం.

కలెక్టరాఫీసు చుట్టూ, పోలీసు స్టేషను చుట్టూ నెలల తరబడి తిరిగి లైసెన్సు తెచ్చుకున్నవారు, ఎంతో డబ్బు పోసి రివాల్వరు కొన్నవారు, దాన్ని పెట్టుకునే తోలు ఒర దగ్గరకు వచ్చేసరికి చేతికందినదేదో కొనేస్తుంటారు. కొందరు అదీ కొనరు. మొలలో దోపుకుంటారు, లేదా లాల్చీ జేబులో పడేసుకుంటారు. పెళ్ళి పందిట్లో వంగి ఎవరి కాళ్ళకో దణ్ణం పెట్టేటప్పుడు అది జారి నేలమీద పడితే? పాతకాలపు రివాల్వర్లు కొన్నిటిలో హ్యామరు నేలకు తగిలేలా పడితే చాలు, తూటా పేలే అవకాశం ఉంది. పేలకపోయినా, కారు సీటులోనో బస్సులోనో జారిపోయిన ఆయుధం ఎవరి చేతిలో పడుతుందో చెప్పలేం. నడుముకు పెట్టుకునే ఒర సోకు కోసం కాదు, ఈ భయం లేకుండా ఉండటం కోసం.

చట్టం ఏమంటోంది?

ఒర విషయం కేవలం సొంతదారు ఇష్టాయిష్టాలకు వదిలేసింది కాదు. 2016 నాటి ఆయుధాల నిబంధనల ప్రకారం చేతి తుపాకిని బహిరంగ ప్రదేశంలో తీసుకువెళ్ళేటప్పుడు అది ఒంటికి తగిలించుకున్న ఒరలోగానీ, తగిన సంచిలోగానీ ఉండాలి. పూర్తిగా కప్పి ఉండాలి. తీసుకువెళ్ళే మనిషి అదుపులో ఉండాలి. అంటే నలుగురికీ కనబడేలా పిడి బయటపెట్టుకుని తిరగడం దర్పం కాదు, నిబంధనల ఉల్లంఘన. వేడుకల్లో గాలిలోకి కాల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెచ్చినవారికి 2019 చట్ట సవరణ రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పెట్టింది. ఒకరి దగ్గర మూడు తుపాకులు ఉండవచ్చన్న పాత పరిమితిని రెండుకు తగ్గించింది కూడా అదే సవరణ.

సినిమా ఒర వేరు

1971లో కృష్ణ నటించిన ‘మోసగాళ్ళకు మోసగాడు’ వచ్చాక తెలుగు కుర్రకారుకు ఒర అంటే తొడమీద వేలాడేదే గుర్తుకొస్తుంది. నిజానికి అమెరికా పశ్చిమ ప్రాంతంలో పశువుల కాపరులు నూట యాభై ఏళ్ళ కిందట పెట్టుకున్న ఒరలు నడుము దగ్గరే, బెల్టుకు ఆనుకుని ఉండేవి. తొడ దాకా దిగజారిన ఒరను జనంలోకి తెచ్చింది సినిమాలే. అలా వేలాడే ఒర నడిచేటప్పుడు ఊగుతుంది, కూర్చుంటే కుర్చీకి తగులుతుంది, చొక్కా కింద దాగదు.

మన పోలీసు, సైనిక అధికారులు ధరించే శామ్ బ్రౌన్ బెల్టు కథ ఇంతకంటే పనికొస్తుంది. బ్రిటిష్ ఇండియా సైన్యంలో అధికారి అయిన శామ్ బ్రౌన్ 1858లో జరిగిన పోరులో ఎడమ చేయి పోగొట్టుకున్నాడు. కత్తి ఒరను పట్టుకోవడానికి రెండో చేయి లేదు. అందుకని నడుము బెల్టుకు భుజం మీదుగా మరో పట్టీ కలిపి, బరువు కదలకుండా నిలబెట్టుకున్నాడు. ఒర ఎంత మంచిదైనా దాన్ని మోసే బెల్టు గట్టిగా లేకపోతే లాభం లేదన్నది ఆ పట్టీ చెప్పే పాఠం.

ముందు బెల్టు చూడండి

కాన్పూరులో తయారయ్యే .32 రివాల్వరు బరువు ముప్పాతిక కిలోకు కాస్త తక్కువ. 2014లో ‘నిర్భీక్’ పేరుతో విడుదలైన తేలిక రకమైతే అరకిలో ఉంటుంది. ఇంత బరువు ఒకే పక్కన రోజంతా వేలాడాలంటే ఆఫీసుకు పెట్టుకునే పలచని బెల్టు చాలదు. రెండు పొరలు కలిపి కుట్టిన, అడ్డంగా వంచితే మెలితిరగని బెల్టు కావాలి. ఒరలో బెల్టు దూరే సందు వెడల్పు బెల్టు వెడల్పుకు సరిపోవాలి. అంగుళంన్నర బెల్టుకు అంగుళంన్నర సందే ఉండాలి. రెండంగుళాల సందులో పెడితే ఒర ముందుకూ వెనక్కూ జారుతుంది, తీసేటప్పుడు పైకి లేచి వస్తుంది. ఒకే సందు ఉన్నదానికంటే అటూ ఇటూ రెండు సందులున్న ఒర నడుముకు బాగా అంటుకుంటుంది.

ఒరలో చూడవలసినవి

మొదటిది కొలత. ‘.32కు సరిపోతుందండీ’ అని దుకాణదారు చెబితే సరిపోదు. తూటా కొలత ఒకటే అయినా తయారీని బట్టి సిలిండరు లావు, గొట్టం పొడవు, పిడి వంపు మారిపోతాయి. మూడంగుళాల గొట్టానికి కుట్టినదాంట్లో రెండంగుళాలది వదులవుతుంది, నాలుగంగుళాలది మూతి బయటపెడుతుంది. మీ రివాల్వరు పేరు, గొట్టం పొడవు చెప్పి దానికే కుట్టినది అడగాలి.

రెండోది, అన్నిటికంటే ముఖ్యమైనది ట్రిగ్గరు. ట్రిగ్గరు చుట్టూ ఉండే ఇనుప చట్రం మొత్తం తోలు కిందకు రావాలి. ఒరలో ఉండగా వేలుగానీ, చొక్కా కొసగానీ, తాళాల గుత్తిగానీ ట్రిగ్గరును తాకే వీలుండకూడదు.

మూడోది పట్టు. తూటాలన్నీ తీసేసి, సిలిండరు ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, ఒరలో పెట్టి, మెత్తని పరుపు మీద తలకిందులుగా పట్టుకుని నెమ్మదిగా కదపండి. టిచ్ బటన్ పట్టీ వేయకపోయినా అది జారకూడదు. అలాగని రెండు చేతులతో పీకవలసి వస్తే అదీ పనికిరాదు. పట్టీ, మూత అదనపు భద్రతే తప్ప వదులు ఒరకు విరుగుడు కావు. జనంలో తిరిగేవారికి పైన మూత ఉన్న ఒర మేలు. దుమ్మూ వానా పడవు, పక్కవాడి చేయీ పడదు.

నాలుగోది మూతి. రివాల్వరు బయటకు తీశాక ఒర నోరు తెరుచుకునే ఉండాలి. అంచు దగ్గర మరో తోలు పట్టీ వేసి గట్టిపరిచిన ఒరలు అలా ఉంటాయి. నోరు ముడుచుకుపోయే మెత్తని ఒరలో తిరిగి పెట్టేటప్పుడు మడతపడ్డ తోలు ట్రిగ్గరు సందులో దూరి నొక్కితే, గొట్టం చూసేది మీ తొడవైపే.

ఐదోది పిడి. బెల్టుకు పైన పిడి మొత్తం చేతికి అందాలి. ఒర అంచు వేళ్ళకు అడ్డం రాకూడదు. నిలబడి చూసి సరిపెట్టుకోకండి. కుర్చీలో కూర్చోండి, కారు ఎక్కి దిగండి, వంగి చెప్పులు తొడుక్కోండి. అప్పుడు పక్కటెముకకు గుచ్చుకుంటే ఎత్తు ఎక్కువని, సీటు పైకి తోస్తే దిగువ ఎక్కువని అర్థం.

తంగేడు చెక్క తోలు

తోలు అంతా ఒకటి కాదు. చెట్ల చెక్కలతో పదును చేసినది ఒకటి, క్రోమియం లవణాలతో చేసినది మరొకటి. దక్షిణాదిన తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయలతో లందలో తోళ్ళు నానబెట్టి పదును చేయడం తరాల నాటి విద్య. ఇలా చేసిన తోలు దళసరిగా, బిరుసుగా ఉంటుంది. తడిపి అచ్చు మీద నొక్కి ఆరబెడితే ఆ రూపం నిలుపుకుంటుంది. మంచి ఒరకు కావలసిన గుణం ఇదే. క్రోమ్ తోలు చేసంచులకు బాగుంటుంది. మెత్తన కనుక రూపం నిలవదు, అందులో మిగిలిన లవణాలు ఇనుముకు తుప్పు పట్టించవచ్చు.

మన ఊరి తోలు పనివారిలో చేయి తిరిగినవారు చక్కని ఒర కుట్టగలరు. అయితే అసలు రివాల్వరును వారి దగ్గర వదిలి రాకూడదు. లైసెన్సు లేనివారి చేతిలో ఆయుధం ఉంచడం నేరం. కొలతలు తీసి వడ్రంగితో చెక్క నమూనా చేయించి ఇస్తే సరిపోతుంది. కుట్టు దగ్గరగా, రెండు వైపులా సమంగా ఉందా, దారం తోలులోకి దిగి ఉందా అని చూసుకోవాలి. పైకి తేలిన దారం రాపిడికి త్వరగా తెగుతుంది.

వాడుకలో జాగ్రత్తలు

కొత్త ఒర బిగుతుగా ఉంటే కంగారు పడనక్కరలేదు. ఖాళీ రివాల్వరుకు పలచని ప్లాస్టిక్ సంచి తొడిగి ఒకటి రెండు రోజులు అందులో ఉంచి, బీరువాలో తాళం వేయండి. తోలు సర్దుకుంటుంది. కిర్రుచెప్పులకు పట్టించినట్లు ఆముదం పట్టించకండి. చెప్పు మెత్తబడితే సుఖం, ఒర మెత్తబడితే ముప్పు. వానలో తడిస్తే నీడలో ఆరబెట్టాలి. ఎండలోనో పొయ్యి దగ్గరో పెడితే తోలు ముడుచుకుని పగులుతుంది.

ఒర మోయడానికే గాని దాచడానికి కాదు. తోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలంలో వారాల తరబడి ఒరలోనే ఉంచిన రివాల్వరు తుప్పు పడుతుంది. బెల్టు కాజాల్లో వదిలేసిన ఇత్తడి తూటాలకు పచ్చని చిలుము పడుతుంది. ఇంటికి రాగానే తూటాలు తీసి, నూనె గుడ్డతో తుడిచి, ఒరనుంచి వేరుచేసి, పిల్లల చేతికందని చోట తాళం వేయాలి. ఎన్నికలప్పుడు పోలీసు స్టేషనులో డిపాజిట్ చేసేవారూ అంతే. తోలులో చుట్టి ఇవ్వకుండా, నూనె రాసి గుడ్డలో చుట్టి ఇవ్వడం మంచిది.

ఏటా ఒకసారి ఒరను వెలుతురులో తిప్పి చూడండి. కుట్టు వదిలినా, టిచ్ బటన్ వదులైనా, నోరు మెత్తబడి లోపలికి ముడుచుకున్నా దాని ఆయువు తీరినట్లే. పాత చెప్పుకు అతుకేసినట్లు దీనికి వేయకండి. కొత్త ఒరకయ్యే ఖర్చు, పొరపాటున పేలిన ఒక్క తూటా తెచ్చే నష్టం ముందు లెక్కలోకి రాదు.