నీరసం వెనక ఉన్నది హార్మోనా, దిగులా?

దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తా నుంచి చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ దాకా హైదరాబాద్-విజయవాడ రహదారికి రెండు పక్కలా కోచింగ్ సెంటర్లు, మగపిల్లల హాస్టళ్ళు, జిమ్ములు, జుట్టు ఊడటానికి వైద్యం చేసే క్లినిక్కులు, సంతాన సాఫల్య కేంద్రాలు, వీటన్నింటి మధ్య రక్తం తీసే డయాగ్నొస్టిక్ సెంటర్లు కనిపిస్తాయి. ‘ఫుల్ బాడీ చెకప్’ పేరుతో అమ్మే పరీక్షల ప్యాకేజీల్లో చక్కెర, కొలెస్ట్రాల్, థైరాయిడ్‌తో పాటు మగవారికి టెస్టోస్టిరోన్ పరీక్ష కూడా చేరుతోంది. నిద్ర పట్టడం లేదని, దేనిమీదా మనసు నిలవడం లేదని, పొద్దున లేస్తూనే నీరసంగా ఉంటోందని రక్తమిచ్చిన మనిషికి, రిపోర్టులో టెస్టోస్టిరోన్ అంకె పక్కన ‘తక్కువ’ అన్న గుర్తు కనబడితే భయం కన్నా ముందు ఊరట కలుగుతుంది, ఎందుకంటే తన దిగులుకు శరీరంలోనే ఒక కారణం దొరికినట్టవుతుంది, ఇక దాని గురించి ఎవరితోనూ మాట్లాడవలసిన అవసరం లేనట్టవుతుంది. వైద్యశాస్త్రం దగ్గర ఉన్న ఆధారాలు మాత్రం ఆ ఊరటను సగం దాకానే సమర్థిస్తాయి.

టెస్టోస్టిరోన్ ప్రధానంగా వృషణాల్లోని లైడిగ్ కణాల్లో తయారవుతుంది గానీ, ఎంత తయారు కావాలన్న ఆదేశం పైనుంచి వస్తుంది. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ అనే చిన్న భాగం విడతలు విడతలుగా ఒక సంకేత రసాయనాన్ని వదిలితే, దాని కింద బఠాణీ గింజంత ఉండే పీయూష గ్రంథి ల్యూటినైజింగ్ హార్మోన్‌ను రక్తంలోకి పంపుతుంది, ఆ హార్మోన్ వృషణాలను పనికి పురమాయిస్తుంది. తయారైన టెస్టోస్టిరోన్ తిరిగి మెదడుకు చేరి, భయాన్నీ కోపాన్నీ నడిపే అమిగ్డాలా, జ్ఞాపకాలతో ముడిపడిన హిప్పోక్యాంపస్ వంటి చోట్ల పనిచేస్తుంది. దానిలో కొంత భాగం ఈస్ట్రోజెన్‌గా, అంటే ఆడవారి హార్మోన్‌గా అందరూ చెప్పుకునే దానిగా మారి ప్రభావం చూపుతుంది. ఆకలి, నిద్ర, శరీరపు వేడి, ఆందోళన వంటి వాటిని అదుపు చేసేది కూడా ఇదే హైపోథాలమస్ కాబట్టి, మనసు చెదిరినప్పుడు హార్మోన్ తగ్గడం, హార్మోన్ తగ్గినప్పుడు మనసు చెదరడం రెండూ సాధ్యమే. మగవారి మనఃస్థితి గురించిన చర్చలో చిక్కంతా ఇక్కడే ఉంది.

రిపోర్టులోని అంకె గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి. రక్తంలో మొత్తం టెస్టోస్టిరోన్ డెసిలీటరుకు సుమారు 300 నుంచి 1000 నానోగ్రాముల మధ్య ఉండటం మామూలు అని లెక్క. అమెరికా యూరాలజీ వైద్యుల సంఘం 2018 మార్గదర్శకాల్లో 300 కన్నా తక్కువను లోపంగా పరిగణించవచ్చని చెబుతూనే, రెండు వేర్వేరు రోజుల్లో తెల్లవారిన తొలి గంటల్లో తీసిన రక్తంలో అంకె తక్కువగా వచ్చి, దానికి తగిన లక్షణాలు కూడా ఉంటేనే రోగనిర్ధారణ చేయాలని షరతు పెట్టింది. యువకుల్లో ఈ హార్మోన్ ఉదయం ఎక్కువగా ఉండి, సాయంత్రానికి గణనీయంగా పడిపోతుంది, తిండి తిన్నాక కూడా తగ్గుతుంది. క్లాసులు ముగించుకుని, మధ్యలో ఏదో తిని, సాయంత్రం ఆరింటికి రక్తమిచ్చిన ఇరవై అయిదేళ్ళ అభ్యర్థి రిపోర్టులో 280 అని వస్తే, అది లోపమో గడియారం చేసిన పనో ఆ కాగితాన్ని బట్టి చెప్పలేము. పైగా రక్తంలోని టెస్టోస్టిరోన్‌లో ఎక్కువ భాగం ప్రోటీన్లకు అంటుకుని ఉంటుంది, కణాల్లోకి సులువుగా ప్రవేశించే స్వేచ్ఛా భాగం చాలా తక్కువ. పొట్ట పెరిగినవారిలో ఆ ప్రోటీన్లలో ఒకటి తగ్గిపోవడం వల్ల మొత్తం అంకె తక్కువగా కనిపించినా స్వేచ్ఛా భాగం సరిపోయినంత ఉండవచ్చు. ప్యాకేజీలో సాధారణంగా వచ్చేది మొత్తం అంకె ఒక్కటే.

హార్మోన్ పూర్తిగా అడుగంటినప్పుడు మనసు మీద దెబ్బ పడుతుందనడంలో పెద్దగా సందేహం లేదు. దీనికి గట్టి ఆధారం ప్రోస్టేట్ క్యాన్సర్ రోగుల నుంచి వచ్చింది. టెస్టోస్టిరోన్ ఆ క్యాన్సర్‌కు ఆజ్యం పోస్తుందని 1941లో చార్లెస్ హగిన్స్ నిరూపించిన నాటి నుంచి, ఆ హార్మోన్‌ను దాదాపు సున్నాకు దించడం చికిత్సలో భాగమైంది. అమెరికాలో 65 ఏళ్ళు దాటిన 78,552 మంది రోగుల వివరాలను పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ చికిత్స తీసుకున్నవారిలో 7.1 శాతం మందికి, తీసుకోనివారిలో 5.2 శాతం మందికి డిప్రెషన్ ఉన్నట్టు తేలింది. తేడా నిజమైనదే, అయితే హార్మోన్ మొత్తం తీసేసినా నూటికి తొంభై మందికి పైగా ఆ జబ్బు నిర్ధారణ కాలేదన్న సంగతి కూడా అదే లెక్కలో ఉంది.

జిమ్ముల్లో కండల కోసం బయటి నుంచి టెస్టోస్టిరోన్ తరహా స్టెరాయిడ్లు ఎక్కించుకునే కుర్రాళ్ళ విషయంలో ఇదే తలకిందులుగా జరుగుతుంది. బయటి సరుకు దండిగా అందుతున్నంత కాలం మెదడు తన ఆదేశాలు ఆపేస్తుంది, వృషణాలు పని మానేస్తాయి. ఇంజెక్షన్లు ఆపిన తరువాత ఆ యంత్రాంగం మళ్ళీ గాడిన పడటానికి నెలలు, కొందరిలో అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. ఆ ఖాళీలో వచ్చే దిగులు తీవ్రంగా ఉండి, ఆత్మహత్య ఆలోచనల దాకా పోయిన సందర్భాలు వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి. కండలు కరిగిపోతున్నాయన్న బెంగతో మళ్ళీ ఇంజెక్షన్ మొదలుపెట్టడం సాధారణంగా జరిగేదే కాబట్టి, ఈ వలయం నుంచి బయటపడటానికి జిమ్ ట్రైనర్ సలహా పనికిరాదు, ఎండోక్రైనాలజిస్టు, అంటే హార్మోన్ల వైద్యుడు, కావలసిందే.

ఈ రెండు కొసల మధ్యన ఉండే మామూలు మగవారి సంగతికి వస్తే ఆధారాలు పలచబడతాయి. ఎనిమిది ఐరోపా నగరాల్లో 40 నుంచి 79 ఏళ్ళ వయసున్న 3,369 మందిని పరీక్షించి 2010లో ప్రచురించిన అధ్యయనం, వయసుతో వచ్చే నిజమైన టెస్టోస్టిరోన్ లోపం దాదాపు 2 శాతం మందిలోనే ఉందనీ, దానితో స్పష్టంగా ముడిపడినవి లైంగిక లక్షణాలేననీ తేల్చింది. దిగులు, అలసట వంటివి హార్మోన్ సరిగా ఉన్నవారిలో కూడా విరివిగా కనిపించడంతో వాటిని గుర్తుపట్టే లక్షణాలుగా తీసుకోలేకపోయారు. 65 ఏళ్ళు దాటి, హార్మోన్ నిజంగానే తక్కువగా ఉన్న 790 మంది అమెరికన్లకు ఏడాది పాటు టెస్టోస్టిరోన్ జెల్‌నో, మందు లేని ఉత్తుత్తి జెల్‌నో ఇచ్చి చూసిన ప్రయోగాల ఫలితాలు 2016లో వెలువడ్డాయి. లైంగికాసక్తి మెరుగైంది, మనఃస్థితి కొద్దిగా మెరుగైంది, ఒంట్లో ఓపిక మాత్రం చెప్పుకోదగ్గంత పెరగలేదు. అప్పటికి జరిగిన 27 ప్రయోగాలను కలిపి లెక్కగట్టిన 2019 నాటి సమీక్ష ఇంకొంత ఆశాజనకంగానే, ముఖ్యంగా మోతాదు ఎక్కువైన చోట దిగులు లక్షణాలు తగ్గాయని చెప్పింది. ఇన్నేళ్ళ పరిశోధన సారం ‘కొద్దిగా’ అన్న మాట దగ్గరే తేలుతున్నప్పుడు, ప్రకటనల్లో మాత్రం అది ‘పూర్వపు ఉత్సాహం’గా మారిపోవడం విడ్డూరమే. ఇలాంటి ఉత్సాహపు కథ కొత్తది కూడా కాదు: 1889లో బ్రౌన్ సెకార్ అనే 72 ఏళ్ళ ప్రసిద్ధ శాస్త్రవేత్త కుక్కల, గినీ పందుల వృషణాల రసాన్ని తన ఒంట్లోకి ఎక్కించుకుని యౌవనం తిరిగొచ్చిందని పారిస్‌లో ప్రకటించాడు, టెస్టోస్టిరోన్ నీళ్ళలో కరగదు కాబట్టి ఆ రసంలో అది ఉన్నదే దాదాపు లేదు.

కారణం, ఫలితం ఎదురుబొదురుగా తిరగబడే తీరు నిద్ర విషయంలో బాగా తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పదిమంది యువకులను ఎనిమిది రాత్రుల పాటు అయిదేసి గంటలే నిద్రపోనిచ్చినప్పుడు వారి పగటి టెస్టోస్టిరోన్ 10 నుంచి 15 శాతం పడిపోయిందని చికాగో పరిశోధకులు 2011లో చూపించారు. వయసు వల్ల తగ్గుదల ఏడాదికి దాదాపు 1 శాతమే కాబట్టి, వారం రోజుల నిద్రలేమి పదేళ్ళ వయసు చేసే పని చేసిందన్నమాట. ఒక గదిలో నలుగురైదుగురు సర్దుకుని, అర్ధరాత్రి దాటేదాకా చదివి, తెల్లవారుజామున స్టడీ హాల్లో సీటు కోసం లేచే హాస్టల్ జీవితం రోజుల తరబడి కాక ఏళ్ళ తరబడి సాగుతుంది. ప్రభుత్వోద్యోగాల కోసం తెలంగాణలో 2022 అక్టోబరులో జరిగిన గ్రూప్-1 ప్రిలిమ్స్ ప్రశ్నపత్రాల లీకేజీ వల్ల 2023 మార్చిలో రద్దయి, జూన్‌లో మళ్ళీ జరిగిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసినప్పుడు, ముప్ఫైకి దగ్గర పడుతూ ఇంటి నుంచి డబ్బు తెప్పించుకుంటున్న అభ్యర్థులకు కలిగిన నిస్పృహను ఏ గ్రంథికీ అంటగట్టలేము. ఆ నిస్పృహలో ఉన్న మనిషి రక్తం పరీక్షిస్తే టెస్టోస్టిరోన్ తక్కువగా వచ్చే అవకాశం లేకపోలేదు. అది అతని స్థితికి గుర్తు అవుతుంది గానీ మూలం కాదు. ఊబకాయం, టైప్-2 మధుమేహం కూడా ఇలాగే హార్మోన్‌ను కిందికి లాగుతాయి, వాటికవే డిప్రెషన్‌కు తోడవుతాయి కూడా.

మగవారి హార్మోన్ అనగానే ఒక్క టెస్టోస్టిరోన్ మీదకే చూపు పోవడం వల్ల పక్కనున్న నిందితుడు తప్పించుకుపోతాడు. మెడ ముందు భాగంలో ఉండే థైరాయిడ్ గ్రంథి మందగిస్తే నీరసం, మతిమరుపు, బరువు పెరగడం, మాట్లాడాలనిపించకపోవడం వంటి లక్షణాలు వచ్చి అచ్చం డిప్రెషన్‌లాగే కనబడతాయి. హైదరాబాద్ సహా ఎనిమిది భారతీయ నగరాల్లో 5,376 మందిని పరీక్షించిన అధ్యయనంలో థైరాయిడ్ మందగింపు 10.95 శాతం మందిలో కనిపించినట్టు 2013లో ప్రచురించారు. ఆడవారిలో ఎక్కువే అయినా మగవారు దీనికి అతీతులు కారు. దీనికి రోజుకొక మాత్రతో నడిచే చవకైన, నమ్మకమైన చికిత్స ఉంది. ఒత్తిడి హార్మోన్‌గా పేరుపడ్డ కార్టిసాల్ కథ వేరు. డిప్రెషన్ తీవ్రంగా ఉన్న చాలామందిలో కార్టిసాల్ అదుపు తప్పుతుందని గమనించి, దాని ఆధారంగా బెర్నార్డ్ క్యారల్ బృందం 1981లో ఒక పరీక్షను ప్రతిపాదించినప్పుడు, మానసిక వ్యాధికి రక్తపరీక్ష దొరికిందని మనోవైద్య లోకం సంబరపడింది. బరువు తగ్గినవారిలోనూ తాగుడు అలవాటున్నవారిలోనూ అదే ఫలితం వస్తుండటంతో కొన్నేళ్ళకే దాన్ని పక్కన పెట్టారు.

బస్తీ గోడల మీద ‘నరాల బలహీనత’, ‘మగతనం’ అని పెద్ద అక్షరాలతో రాసి ఫోన్ నంబరు ఇచ్చే ప్రకటనలు ఈ అయోమయం నుంచే పుట్టి దాని మీదే బతుకుతున్నాయి. లైంగిక సామర్థ్యం పెంచుతామన్న మందుల ప్రకటనలను 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించినా గోడలకు ఆ సంగతి పట్టలేదు. వీర్యం పోతోందన్న బెంగతో నీరసం, ఒళ్ళునొప్పులు, ఏకాగ్రత లేకపోవడం చెప్పుకునే యువకుల స్థితికి ప్రసిద్ధ మానసిక వైద్యుడు ఎన్.ఎన్. విగ్ 1960లో ‘ధాత్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. ఇలా వచ్చేవారిలో చాలామందికి లోపల డిప్రెషనో ఆందోళనో ఉంటుందని తరువాతి పరిశీలనలు చెబుతున్నాయి. దిగులుగా ఉందని చెప్పడానికి నోరు రాని మగవాడు నీరసంగా ఉందని చెప్పగలడు. 2021లో దేశంలో నమోదైన 1,64,033 ఆత్మహత్యల్లో పురుషులవి 1,18,000కు పైగా ఉన్నాయి, కానీ డిప్రెషన్ నిర్ధారణ మాత్రం ఆడవారిలోనే ఎక్కువ. మగవారి దిగులు కోపంగానో తాగుడుగానో బయటపడి లెక్కకు ఎక్కకుండా పోవడం ఈ తేడాకు ఒక కారణంగా నిపుణులు భావిస్తారు.

నిజమైన లోపం తేలినవారికి టెస్టోస్టిరోన్ చికిత్స మేలు చేస్తుంది, దానిని అనుమానించనక్కరలేదు. 5,246 మందిపై జరిగి 2023లో ఫలితాలు వెల్లడైన ట్రావర్స్ ప్రయోగంలో గుండెపోటు ముప్పు పెరగలేదు గానీ, గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో గడ్డలు కొంత ఎక్కువగా కనిపించాయి. అయితే దిల్‌సుఖ్‌నగర్ క్లినిక్కుల్లో ముందుగా చెప్పవలసిన హెచ్చరిక వేరే ఉంది. బయటి నుంచి అందే టెస్టోస్టిరోన్ వీర్యకణాల ఉత్పత్తిని ఎంతగా అణచివేస్తుందంటే, దానిని మగవారి గర్భనిరోధక ఇంజెక్షన్‌గా వాడవచ్చా అని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరీక్షించి 1990లో ఆశాజనకమైన ఫలితాలు ప్రకటించింది. కొత్తగా పెళ్ళయి పిల్లల కోసం చూస్తున్న ముప్ఫై ఏళ్ళ మనిషి హుషారు కోసం ఆ ఇంజెక్షన్ మొదలుపెడితే, కొద్ది నెలల్లో అతను సంతాన సాఫల్య కేంద్రంలో కూర్చోవలసి రావచ్చు. అందువల్ల తెల్లవారి పరగడుపున, రెండు వేర్వేరు రోజుల్లో రక్తమిచ్చి థైరాయిడ్, చక్కెర, టెస్టోస్టిరోన్ చూపించుకోవడం, ఆ రిపోర్టు వచ్చేలోపు నిద్ర గురించీ తాగుడు గురించీ చచ్చిపోవాలన్న ఆలోచనల గురించీ డాక్టరు అడిగితే దాచకుండా చెప్పడం రెండూ కలిసి సాగాలి. ఆ మాటలు ఎదురుగా చెప్పడానికి మొహమాటమైతే, 2022 అక్టోబరు 10న కేంద్రం ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.