ప్లూటో కంటే ముందే పదవి పోయింది!

'బుధుడు, శుక్రుడు, భూమి, అంగారకుడు, గురుడు, శని, యురేనస్‌, నెప్ట్యూన్‌, ప్లూటో...' 2006 దాకా ఏ బడిలో అడిగినా పిల్లలు గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పేసేవారు. ఇప్పటి పిల్లలు నెప్ట్యూన్‌ దగ్గరే ఆగిపోతారు. 'మరి ప్లూటో ఏదీ?' అని నాన్న అడిగితే 'అది గ్రహం కాదు నాన్నా, మరుగుజ్జు గ్రహం' అని సరిదిద్దుతారు. చిన్నప్పుడు తొమ్మిదీ బట్టీపట్టిన నాన్నకేమో అది ఓ పట్టాన మింగుడుపడదు.

తొమ్మిది అన్న అంకె మనకు మరీ అలవాటు. కానీ గుళ్లో మనం ప్రదక్షిణ చేసే నవగ్రహాల్లో ప్లూటో ఎప్పుడూ లేదు. యురేనస్‌, నెప్ట్యూన్‌ లేవు. ఆ మాటకొస్తే మన కాళ్లకింది భూమే లేదు. సూర్యుడూ చంద్రుడూ రాహుకేతువులూ ఉన్నారు. గ్రహం అన్న మాటకు అర్థం కాలాన్ని బట్టి మారుతూనే వచ్చిందన్నమాట. ప్లూటో కంటే దాదాపు ఒకటిన్నర శతాబ్దం ముందే ఆ హోదా పోగొట్టుకున్నది ఇంకొకటుంది. దాని పేరు సెరెస్‌.

కొత్త సంవత్సరం కానుక

1801 జనవరి 1. ఇటలీకి దక్షిణాన ఉన్న సిసిలీ దీవిలోని పాలెర్మోలో గిసెప్పె పియాజీ అనే మతాచార్యుడు నక్షత్రాల పట్టిక తయారుచేస్తున్నాడు. ఆ రాత్రి చూసిన ఓ చుక్క మర్నాటికి కాస్త పక్కకు జరిగింది. ఆ మర్నాడు ఇంకాస్త. తోకచుక్కేమో అనుకున్నాడు. సుమారు నలభై రోజులు వెంటాడాక జబ్బుపడ్డాడు. విషయం మిగతా దేశాల శాస్త్రవేత్తలకు తెలిసి వెతికేసరికి ఆ చుక్క సూర్యకాంతి చాటుకు వెళ్లిపోయింది. దొరికింది దొరికినట్టే పోయింది!

దాన్ని మళ్లీ పట్టిచ్చింది టెలిస్కోపు కాదు, లెక్క. పియాజీ రాసుకున్న కొద్దిపాటి కొలతలను పట్టుకుని, ఇరవై నాలుగేళ్ల జర్మన్‌ గణితవేత్త గాస్‌ అది ఏ దారిన తిరుగుతోందో లెక్కగట్టాడు. డిసెంబరు 31న... అతను చెప్పిన చోటికి దగ్గర్లోనే కనిపించింది.

అంగారకుడికీ గురుడికీ మధ్య ఓ గ్రహం ఉండి తీరాలని అప్పటికే చాలామంది నమ్మకం. దాంతో సెరెస్‌ను గ్రహాల జాబితాలోకి ఎక్కించేశారు. అయితే 1802లో అదే ప్రాంతంలో పాలస్‌ దొరికింది. 1804లో జూనో, 1807లో వెస్టా. సౌరకుటుంబంలో గ్రహాలు పదకొండని అప్పటి పుస్తకాలు రాశాయి. 1845 తర్వాత మరీ పుట్టలోంచి చీమలు వచ్చినట్టు ఒకదాని వెంట ఒకటి బయటపడటం మొదలైంది. అన్నింటినీ గ్రహాలంటే ఎలా? సెరెస్‌తో సహా అన్నింటికీ ఉద్వాసన చెప్పి 'గ్రహశకలాలు' అనేశారు. దానికోసం ఎవరూ కన్నీళ్లు పెట్టుకున్నట్టు లేదు.

రైతుబిడ్డ కళ్లు

ప్లూటోకు అభిమానులు ఎక్కువ. దాని పుట్టుకథ అలాంటిది మరి. అమెరికాలోని కాన్సస్‌లో క్లైడ్‌ టాంబా అనే కుర్రాడుండేవాడు. వడగళ్లవానకు పంట పోవడంతో కాలేజీ చదువు ఆశ వదులుకున్నాడు. పాత కారు భాగాలూ పొలం యంత్రాల ముక్కలూ కలిపి సొంతంగా టెలిస్కోపు చేసుకున్నాడు. అందులో కనిపించిన గురుడినీ అంగారకుడినీ బొమ్మలు గీసి అరిజోనాలోని లోవెల్‌ అబ్జర్వేటరీకి పంపితే... ఉద్యోగమే ఇచ్చారు.

ఆ ఉద్యోగం ఏమంత సరదా అయింది కాదు. ఆకాశంలో ఒకే చోటును కొన్ని రోజుల తేడాతో ఫొటో తీయాలి. ఆ రెండు పలకలనూ ఓ పరికరంలో పెట్టి మార్చి మార్చి చూడాలి. వేలకొద్దీ నక్షత్రాలు కదలవు. గ్రహమైతే అటూ ఇటూ గెంతుతుంది. నెలల తరబడి అలా చూడగా చూడగా, 1930 ఫిబ్రవరి 18న ఓ చిన్న చుక్క గెంతింది. ఇంగ్లండులోని పదకొండేళ్ల పాప వెనీషియా బర్నీ దానికి ప్లూటో అని పేరు సూచించింది. ప్లూటో అంటే పాతాళానికి అధిపతి, మన యముడిలాంటివాడు.

కానీ ఏళ్లు గడిచేకొద్దీ ప్లూటో చిక్కిపోతూ వచ్చింది! మొదట్లో భూమంత బరువుంటుందనుకున్నారు. 1978లో దాని ఉపగ్రహం కేరన్‌ దొరికాక అసలు తూకం తేలింది. మన చంద్రుడి బరువులో ఐదో వంతు కూడా లేదు. 1992 నుంచీ నెప్ట్యూన్‌ అవతల ప్లూటోలాంటి మంచుముద్దలు వరసగా కనిపించసాగాయి. 2005లో ఎరిస్‌ బయటపడింది. అది ప్లూటో కంటే నాలుగో వంతుకు పైగా ఎక్కువ బరువు. సెరెస్‌ కథే మళ్లీ మొదటికొచ్చింది.

2006 ఆగస్టులో అంతర్జాతీయ ఖగోళ సంఘం ప్రేగ్‌లో సమావేశమైంది. తమాషా ఏంటంటే మొదట వచ్చిన ప్రతిపాదన గ్రహాలను తగ్గించమని కాదు, పన్నెండు చేయమని. సెరెస్‌, కేరన్‌, ఎరిస్‌లను కలుపుకుందామన్నారు. గొడవలయ్యాయి. ఆగస్టు 24న పసుపు కార్డులెత్తి ఓటేశారు. సూర్యుడి చుట్టూ తిరగాలి, గుండ్రంగా ఉండాలి, తన దారిలో తనదే పెత్తనమై ఉండాలి... ఈ మూడూ ఉంటేనే గ్రహం. మూడోది ప్లూటోకు లేదు. ప్లూటో దిగింది, సెరెస్‌ ఓ మెట్టు ఎక్కింది. ఎరిస్‌తో కలిసి మూడూ మరుగుజ్జు గ్రహాలయ్యాయి. 2008లో హౌమియా, మాకెమాకె వాటితో చేరాయి. అన్నట్టు, ప్లూటో దొరికిన అరిజోనా రాష్ట్రం ఊరుకోలేదు. 2024లో దాన్ని తమ అధికారిక గ్రహంగా ప్రకటించుకుంటూ ఏకంగా చట్టమే చేసింది. అక్కడి శాసనసభ్యుల అభిమానం గొప్పదే గానీ ఆకాశం మీద వారి అధికారం ఎంతన్నది వేరే సంగతి.

పదవులు పోయాకే ఈ రెండింటి అసలు రూపం తెలిసింది. 2015లో డాన్‌ వ్యోమనౌక సెరెస్‌ చుట్టూ తిరిగి, ఓ గుంతలో మిలమిల మెరుస్తున్న మచ్చలు చూపింది. లోపలి ఉప్పునీరు పైకి వచ్చి ఆవిరయ్యాక మిగిలిన లవణాలవి. అదే ఏడాది జులై 14న న్యూ హొరైజన్స్‌ ప్లూటో పక్కనుంచి దూసుకెళ్లింది. చచ్చిన మంచుగడ్డ అనుకున్నచోట గడ్డకట్టిన నైట్రోజన్‌ మైదానాలు, నీటిమంచు కొండలు, నీలిరంగు పొగమంచు!

ఆ నౌక బయల్దేరింది 2006 జనవరిలో, ప్లూటో ఇంకా గ్రహంగా ఉండగానే. అందులో ఓ చిన్న డబ్బా ఉంది. 1997లో చనిపోయిన టాంబా చితాభస్మం కొంత అందులో పెట్టి పంపారు. ప్లూటోను దాటాక అది 2019 జనవరి 1న, అంటే సెరెస్‌ దొరికిన సరిగ్గా 218 ఏళ్లకు, ఆరోకాత్‌ అనే ఇంకో మంచుముద్దను చూసి ముందుకు సాగిపోయింది.

ప్లూటో సూర్యుణ్ని ఒక్కసారి చుట్టిరావడానికి 248 ఏళ్లు పడుతుంది. అది గ్రహంగా వెలిగిన 76 ఏళ్లూ దాని లెక్కలో నాలుగు నెలలైనా కావు. టాంబా చూసిన చోటికి అది మళ్లీ వచ్చేది 2178లో.